విమల చెప్పిన మిషన్ ముచ్చట

1968 ఫిబ్రవరి 11, ఆదివారం, చిట్యాల.

కందులు విసరడం, దుప్పట్లు ఉతకడం, వంటిల్లు అలకడం అయ్యాయి. పెరుగు చిలకడం మిగిలిపోయింది.

మా మరిది, ఆయన భార్య విమల హైదరాబాద్ నుంచి వచ్చారు. విమల అక్కడ కాలువలు తవ్వించే ఒక ఆఫీసులో కంప్యూటర్ అనే లెక్కల మిషన్ దగ్గర పనిచేస్తుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో బావగారి ముందు నిలబడేదాన్నే కాదు. ఈ పిల్ల మాత్రం మా ఆయనకు ఎదురుగా కూర్చుని తింటూ తన పని గురించి చెప్పింది.

"కాలువ లెక్కలు ఫోర్‌ట్రాన్ అనే భాషల రాస్తున్నం బావా. మట్టి తవ్వకం లెక్క మాత్రం పాతోళ్లు మిషన్ సొంత భాషల రాసిపెట్టిన్రు. మల్ల రాసుడెందుకు? మా లెక్క నడుమ దాన్నే పేరు పెట్టి పిలుస్తం, అంకెలిస్తం, జవాబు ఇస్తది."

"భాష వేరైతే దానికెట్ల సమజైతది?" అని అడిగారు మా ఆయన.

"ఏ అంకె ఏ జాగాల పెట్టాల్నో ముందే ఒప్పందం ఉంటది. జాగా తప్పితే జవాబంతా తప్పే. మొన్న నేనే తప్పిన!"

మా ఆయన బడిలో లెక్కల సారు. ముందున్న రొట్టె చల్లారిపోయినా ముట్టలేదు. "భలే ఉన్నదమ్మా!" అన్నారు. నాకు కడుపు మండిపోయింది.

వాళ్లు పడుకున్నాక ఆయన్ను అడిగేశాను. "ఇరవై ఏండ్లసంది వండిపెడుతున్న. నా పని ఎట్లుంటదని ఒక్కనాడన్న అడిగిన్రా?"

ఆయన బిత్తరపోయారు. "గట్లైతే చెప్పు. జొన్నరొట్టె ఇరగకుండ ఎట్ల చేస్తవు?"

నీళ్లు ఎంత మసలాలో, పిండి ఎంతసేపు పిసకాలో చెప్పాను. పెనం దగ్గరికి వచ్చేసరికి గురక వినిపించింది.

విమల చెప్పినంతసేపూ ఒక్క ఆవలింతైనా రాలేదు ఈయనకు. అయినా అడిగారు కదా. ఇరవై ఏళ్ల బాకీలో సగం వసూలైంది. మిగతా సగం మాఫీ చేసి, ఈ పద్దు కొట్టేశాను.