గాలి తీసే పని

అన్నయ్యా,

ఇవాళ ఈ కలకత్తా ల్యాబులో నీ వల్ల తిట్లు తిన్నాను.

మేం ఇక్కడ పరమాణువుల్లోని రేణువులను పొడుగాటి గొట్టంలో పరిగెత్తిస్తాం. లోపల గాలి మిగిలితే అవి దారిలోనే ఆగిపోతాయి. ఈ సంగతి చెబితే మాచర్లలో నీ సైకిలు షాపు ముందు కూర్చుని నవ్వావు. "నేను గాలి కొట్టి చదివిస్తే, డాక్టరేటు తెచ్చుకుని నువ్వు గాలి తీసే పని చేస్తావేందిరా" అన్నావు.

మూడు వారాలుగా గొట్టంలోకి సన్నగా గాలి దూరుతోంది. ఎక్కడన్నది దొరకలేదు. పొద్దున విసుగొచ్చి, గాలి పోతోందేమో చూడ్డానికి నువ్వు ట్యూబు వాల్వుకి ఉమ్మి పూసినట్టే, వేలు నాలుక మీద తడుపుకుని ఒక అతుకు మీద రాశాను. లోపలి గాలిని కొలిచే మీటరు ముల్లు కదిలింది; గాలి దూరేది అక్కడే. గొట్టం ఎంగిలవుతుందని మా ప్రొఫెసరు చానా తిట్టాడు. తర్వాత ఆ అతుకు విప్పించి రబ్బరు రింగు మార్పించింది కూడా ఆయనే. మధ్యాహ్నానికి రేణువులు చివరిదాకా చేరాయి.

అందరూ ఇళ్ళల్లో చెప్పుకోవడానికి వెళ్ళారు. నేను గదికొచ్చాను.

నువ్వు పోయాక వదిన పంపిన నీ పంపు మూలన ఉంది. నాకిక్కడ సైకిలు లేదు. పంపు గొట్టం అరచేతికి ఆనించి ఓసారి కొట్టాను.

గాలి ఇంకా గట్టిగానే వస్తోంది, అన్నయ్యా.