తారు పూసిన రేకు

చెల్లె కోమలకు,

మీ ఇంటి ఫోన్ ఎప్పుడూ బావే ఎత్తుతాడు కాబట్టి బస్సు డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. వానకు మీ పాత కారులో నీళ్లు నిలిచాయని బావ చౌటుప్పల్‌లో నా షెడ్డుకు తెచ్చాడు. వెనక మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అడుగు రేకు పొరలుపొరలుగా రాలింది. సీటు బోల్టులూ తుప్పు పట్టి ఊగుతున్నాయి.

“రేకు మార్చాలె బావా, వారం పడ్తది” అన్నాను.

“ఆదివారం పిల్లలను మర్రిగూడకు తీస్కపోవాలె. తారు పూసి మ్యాట్ పరువు. కోమలకు చెప్పకు” అన్నాడు.

ఆయన మాట తీసేయలేక పూశాను. నిన్న తీసుకెళ్లాడు. ఇప్పుడు చూస్తే ఎవరికీ అనుమానం రాదు, అదే నాకు భయం.

పిల్లలను ఎక్కనివ్వకు. బావ కోపం చేస్తే చేయనీ. నేను ఊరుకున్నట్టు నువ్వు ఊరుకోకు.

మీ అన్న