విడవమన్న శ్వాస

నాన్నగారికి,

నమస్కారాలతో మీ అమ్మాయి రాస్తున్నది. అమ్మ క్షేమం. ఆమె కుట్టుమిషను అంతకంటే క్షేమం. ఈమధ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఇద్దరూ పోటీలు పడి మాట్లాడుతున్నారు. కొండమీద మీరూ, మీ గాలిమరా, వాన కొలిచే గాజుగొట్టమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా క్షేమం గురించి ఈ పేరాలో ఏమీ రాయకపోవడం మరిచిపోయి కాదు. దానికి కొంచెం స్థలం కావాలి.

మీ ఉత్తరం సరుకుల జీపులో కిందికి దిగి, అమ్మ చేతుల మీదుగా నాకు చేరేసరికి కవరు ఇంకా చెమ్మగానే ఉంది. కిటికీ తెరిస్తే మేఘం గదిలోకి వచ్చి, మీ మంచం మీద కాసేపు కూర్చుని, అవతలి కిటికీలోంచి వెళ్ళిపోయిందని రాశారు. అది చదివి మా హాస్టలు గది కిటికీ కూడా బార్లా తెరిచి కూర్చున్నాను. వచ్చింది మేఘం కాదు, పై అంతస్తులో ఎవరో దులిపిన దుప్పటి దుమ్ము. అయినా ఎండలో అది ఎంత తీరుబడిగా దిగిందంటే, కాసేపు మీ మేఘమేనని ఒప్పుకున్నాను.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మూడు ప్రశ్నలు వేస్తే ప్రత్యర్థి తనకు అనుకూలమైన రెండింటికి జవాబు చెప్పి మూడోదాన్ని గాలికి వదిలేస్తాడని నాకు నేర్పింది మీరే. అందుచేత ముందుగానే మాట ఇస్తున్నాను: మూడోదాన్ని దాటవేయను. ఆఖర్న పెడతాను, అంతే.

మొదటిది: “ఏమ్మా లాయరమ్మా, మనశ్శాంతి కావాలని ఫోనును అడుగుతున్నావట, నిజమేనా? ఉన్న శాంతిని లాక్కునేది కదా అది?”

నిజమే. అయితే మీ రెండో వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. అది ప్రశ్న కాదు, ప్రశ్న వేషం కట్టిన తీర్పు. మీ గాజుగొట్టం వానను కురిపించదు, ఆపదు. ఎంత పడిందో చెబుతుంది. ఆ మాత్రం పనికే ప్రభుత్వం మిమ్మల్ని కొండెక్కించి కూర్చోబెట్టింది. మనసులో ఎంత పడిందో చూపే గొట్టం ఒకటి జేబులో పెట్టుకుంటే తప్పేమిటి?

మనశ్శాంతి కోసమని ఆ యాప్‌ను నా ఫోనులో పెట్టింది నా గదిలో ఉండే అమ్మాయి. ఆమెను అందరం నిదానం అని పిలుస్తాం. ఆమె చెప్పులు తొడుక్కోవడం పూర్తయ్యేలోపు మేము వెళ్ళి వచ్చేస్తాం. ఆ యాప్‌లో పొద్దున్నే అయిదు ముఖాల బొమ్మలు వస్తాయి, ఏడ్చేదాని నుంచి నవ్వేదాని దాకా. ఆ రోజు మన ముఖం ఏదో దాన్ని నొక్కాలి. ఊపిరి పీల్చడానికి ఒక నీలిరంగు వలయం ఉంది, అది పెద్దదవుతుంటే పీల్చాలి, ముడుచుకుంటుంటే వదలాలి. మరొకచోట వాన ఉంది. రేకుల మీద వాన, ఆకుల మీద వాన, దూరపు వాన అని విడివిడిగా పేర్లు పెట్టారు.

మీకు నవ్వు వస్తుందని తెలుసు. తడపని వానను మీరు వానగా లెక్కవేయరు. కానీ మధ్యాహ్నం తరగతులు లేనప్పుడు దూరపు వాన చెవుల్లో పెట్టుకుని పడుకుంటే, మా వరండా మెల్లగా ఏరవుతుంది నాన్నగారూ. బకెట్లు తేలుతూ వెళతాయి. ఆరవేసిన తువ్వాళ్ళు తెరచాపలవుతాయి. నిదానం తన మంచం మీద కూర్చుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండా నా పక్కనుంచి ప్రవాహంలో సాగిపోతుంది. ఎక్కడో ఎత్తున, మీరు గొడుగు పట్టుకుని ఆ వాననే కొలుస్తూ ఉంటారు. లేచి చూస్తే నేల పొడిగా ఉంటుంది. నా గుండె మాత్రం ఎవరో నిమిరినట్టు కుదుటపడి ఉంటుంది. దాన్ని మోసమంటారా? అనండి. నిద్రను మించిన సాక్ష్యం నా దగ్గర లేదు.

ఇక ఊపిరి సంగతి. అందులో ఒక ఆడగొంతు తెలుగులో చెబుతుంది. తెలుగు చక్కగానే మొదలవుతుంది: “భుజాలు సడలించండి. నెమ్మదిగా పీల్చండి.” చివరి ఊపిరి దగ్గరికి వచ్చేసరికి, ఎవరు అనువదించారో గానీ, ఎంతో ఆప్యాయంగా, “ఇప్పుడు తుది శ్వాస విడవండి” అంటుంది.

మొదటిసారి విన్నప్పుడు నిదానం జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా లేచింది. “అమ్మో, కట్టేయవే! మీ వాళ్ళకు నేనేం చెప్పుకోను?”

“నేను ఎవరి మాటా వినని దాన్ని కాబట్టి బతికిపోయాను” అన్నాను.

“పేపర్లో ఎట్లా వేస్తారో తెలుసా? ఫోను సలహా మేరకు, అని వేస్తారు.”

కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నాటి నుంచి ఆ గొంతు తుది శ్వాస విడవమన్నప్పుడల్లా “విడవను” అని పైకే జవాబివ్వడం నాకు అలవాటైంది. ఊపిరి వదులుతూ ‘విడవను’ అనాలి కాబట్టి ఆ మాట పొడుగ్గా, గాలిలో కరిగిపోతూ వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

మీ రెండో ప్రశ్న: శనివారం చర్చాపోటీ ఫైనల్లో నీకు ఏ పక్షం పడింది? చర్చనీయాంశం, “మనశ్శాంతికి చేతిలో ఉన్న ఫోను చాలు”. చీటీ నాకు సమర్థించే పక్షాన్ని ఇచ్చింది. నా జోడీగా మాట్లాడేవాడు మా తరగతివాడే. గంట మోగినా ఆపడు కనుక వాణ్ణి పురాణం అంటాం. వైద్యుడు అందని చోట, నలుగురిలో నోరు విప్పలేని చోట, ఖర్చు భరించలేని చోట ఈ యాప్‌లు ఎట్లా ఆదుకుంటాయో వాదనంతా పోగుచేశాను. పకడ్బందీగా ఉంది. ఎక్కడ కొట్టినా కంచులా మోగుతుంది. ఒక్క ‘చాలు’ అనే మాట దగ్గర మాత్రం కలం ఆగిపోతోంది.

ఇక మూడోది. సెమీఫైనల్లో మాట మధ్యలో నేను మౌనంగా నిలబడిపోవడం, హాలు హాలంతా ఊపిరి బిగబట్టడం, ఆ మౌనమే వాదనను గెలిపించిందని న్యాయనిర్ణేత మెచ్చుకోవడం అమ్మ మీకు రాసింది. “ఆ ఎత్తుగడ నీకెలా తట్టింది? నాకు ఇన్నేళ్ళుగా తట్టలేదే” అని మీరు అడిగారు. ఆ వాక్యం కింద గీత కూడా గీశారు.

అది ఎత్తుగడ కాదు నాన్నగారూ. నాకు గొంతు పెగలలేదు.

వాక్యం సగంలో ఉంది. తరువాతి మాట నాలుక మీదే ఉంది. ఉన్నట్టుండి గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. ముందు వరుసలో ముఖాలు నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు కదిలాయి. చేతులు ఎవరివో అనిపించాయి. నేను ఇక్కడే పడి చనిపోతున్నాను, వీళ్ళు చప్పట్లు కొడతారు అనుకున్నాను. ఎలాగో ఆ మాట బయటికి వచ్చింది, వాక్యం ముగిసింది, నిజంగానే చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే పురాణం, “ఏం నటించావే!” అని భుజం తట్టాడు. నవ్వి ఊరుకున్నాను.

ఆ తరువాత అది తరచుగా వచ్చింది. తరగతిలో హాజరు పలకబోతుంటే వచ్చింది. భోజనాల వరుసలో పళ్ళెం పట్టుకుని ఉండగా వచ్చింది. అమ్మతో ఫోనులో మాట్లాడుతుండగా వస్తే సిగ్నల్ లేదని పెట్టేశాను. మెల్లగా తరగతులు మానేశాను. అయినా పొద్దున్నే యాప్ అడిగితే నవ్వే బొమ్మనే నొక్కుతూ వచ్చాను. అది ప్రతిసారీ నమ్మింది. రంగుకాగితాలు ఎగరేసి అభినందించింది. ఎదురు ప్రశ్న వేసేవారు లేని చోట నేను ఎంత సులువుగా నెగ్గుతానో అప్పుడు తెలిసింది.

మొన్న లైబ్రరీ వెనక మెట్ల మీద మళ్ళీ వచ్చింది. గోడకు ఆనుకుని కూలబడి ఫోను తీశాను. కంగారులో ఇయర్‌ఫోన్ తీగ ఊడిపోయిన సంగతి గమనించలేదు. ఆ గొంతు మెట్లన్నిటా మోగుతోంది. నేను కళ్ళు మూసుకుని వలయం వెంట ఊపిరి తీస్తున్నాను. “ఇప్పుడు తుది శ్వాస విడవండి” అంది. “విడవను” అన్నాను. పై మెట్ల మీదనుంచి దబదబా అడుగుల చప్పుడు. ఒకావిడ ఒక చేత్తో చంకలో ఫైళ్ళు అదిమిపట్టుకుని, రెండో చేత్తో నా ఫోను లాక్కుంది.

“ఎవరమ్మా అది? ఎవరు నిన్ను చావమంటున్నది?” అని ఫోను చెవి దగ్గర పెట్టుకుని గద్దించింది. “ఏమమ్మోయ్, ఎవరు నువ్వు? ఏ ఊరు?”

ఆ గొంతు శాంతంగా, “బాగా చేశారు. రేపు మళ్ళీ కలుద్దాం” అంది.

నాకు ఎక్కిళ్ళు వచ్చేంత నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియదు. ఆవిడ ఫైళ్ళు మెట్టు మీద పడేసి నా పక్కన కూర్చుంది. మా కాలేజీ కౌన్సెలర్ ఆవిడేనని తరువాత తెలిసింది. ఆవిడ గది ముందునుంచి రోజూ తల తిప్పుకుని వెళ్ళేదాన్ని.

అలవాటు కొద్దీ ఆవిడతోనూ వాదించాను. ఇది కేవలం అలసట అన్నాను. యాప్‌లో నా చిట్టా చూడమన్నాను, అన్నీ నవ్వే బొమ్మలే.

“ఎవరి కోసం నవ్వుతున్నావు?” అంది.

ఫోను వెనక్కి తీసుకుని తెర ఆర్పేశాను.

“ఇంట్లో చెప్పావా?”

“మా నాన్నగారు కొండమీద ఉంటారు. అక్కడ ఫోను పనిచేయదు.”

“ఉత్తరం పనిచేస్తుందా?”

ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడ గెలిచింది. మీరు ఉంటే మెచ్చుకునేవారు.

యాప్ తీసేయమంటుందేమో, పోట్లాడదామనుకున్నాను. తీసేయమనలేదు. ఊపిరికీ నిద్రకూ ఉంచుకోమంది, బొమ్మ మాత్రం నిజమైనదే నొక్కమంది, వారానికి రెండుసార్లు తన గదికి రమ్మంది, అవసరమైతే డాక్టరు దగ్గరికి తనే తీసుకువెళతానంది. మర్నాడు పొద్దున ఏడ్చే బొమ్మ నొక్కాను. రంగుకాగితాలు ఎగరలేదు. “దగ్గరివారితో మాట్లాడండి” అని ఒక వాక్యం, దాని కింద ఒక ఫోను నంబరు వచ్చాయి. ఇన్నాళ్ళూ అది చెప్పాలనుకుంటే నేనే చెప్పనివ్వలేదన్నమాట. ఆ మేరకు దాని పక్షాన ఇప్పటికీ వాదిస్తాను.

నిన్న పురాణానికి సంగతంతా చెప్పి, ఫైనల్లో మాట్లాడలేనేమో అన్నాను.

“భయమా? నీకా?” అని వెక్కిరించబోయాడు.

“అవును” అన్నాను.

వెక్కిరింపు మానేశాడు. బెంచీ మీద గోటితో ఒక గీత గీశాడు. “సరే. నువ్వు ఎక్కడ ఆగితే అక్కడినుంచి నేనందుకుంటా. నాకు మాటలు కరువా ఏమిటి?” అన్నాడు. తరువాత, “సెమీఫైనల్లో నటన అన్నాను కదా, ఏమీ అనుకోకు” అన్నాడు. వాడు అంత క్లుప్తంగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

కాబట్టి శనివారం వేదిక ఎక్కుతున్నాను. చీటీ ఇచ్చిన పక్షాన్నే సమర్థిస్తాను. ‘చాలు’ అనే మాట దగ్గర, ఆ మెట్ల మీద ఏం జరిగిందో చెబుతాను. దానివల్ల మేము ఓడిపోవచ్చు. నా జోడీకి ఈ సంగతి చెప్పాను, ఒప్పుకున్నాడు.

మీకొక మనవి. మీ ప్రతి ఉత్తరం చివరా “నెగ్గి రా” అని రాస్తారు. ఆ రెండు మాటలూ చదివి ఇన్నాళ్ళూ పొంగిపోయాను. ఈసారి జవాబులో మాత్రం వాటిని రాయకండి. నన్ను ఓదార్చకండి, ఖండించకండి, పుస్తకాలేవీ ఉటంకించకండి. మీ దగ్గర ఆ రోజు ఎంత వాన పడిందో రాయండి చాలు.

ఆదివారం మళ్ళీ రాస్తాను. నెగ్గానని రాస్తే సంతోషించండి. ఓడానని రాస్తే అమ్మకు కూడా చెప్పి ఇద్దరూ నవ్వుకోండి. వేదిక మీద మళ్ళీ ఆగిపోయానని రాస్తే మాత్రం, జీపు వచ్చేదాకా ఆగకుండా, ఆ గొట్టాన్ని మీ సహాయకుడికి అప్పగించి, నడిచైనా సరే దిగి రండి.

ఇట్లు,
మిమ్మల్ని మొదటిసారి రమ్మని అడుగుతున్న
మీ అమ్మాయి