రంగనాయకులు సార్ స్కాలర్‌షిప్

ఏలూరు, 14-8-2007

నాన్నగారికి సలాం. ఈ ఉదయం స్టాఫ్ రూములో రంగనాయకులు సార్ కుర్చీ మీద ఎవరో తడి గొడుగు ఆరబెట్టారు. ఆయన పేరిట పెట్టిన స్కాలర్‌షిప్ నాకే ఇస్తారట, కానీ శనివారం సంస్మరణ సభలో నేను మాట్లాడాలి. నావల్ల కాదన్నాను. "ఏవమ్మా, ఆయన దగ్గర రెండేళ్లు చదివి రెండు ముక్కలు చెప్పలేవా?" అని సార్ భార్య నవ్వారు. ఆ స్కాలర్‌షిప్ రాకపోతే ఈ ఏడు నేను హాస్టల్లో ఉండలేను.

మీ కుట్టుమిషను బాగయిందా? ఆదాయం సర్టిఫికెట్ శుక్రవారంలోగా తమ్ముడు వసీమ్‌తో పంపండి. అమ్మని మోకాలి మందు మాననివ్వకండి. నాకు నిద్ర చాలడం లేదు, అంతకుమించి ఏమీ లేదు. నానమ్మకి నా సలాం చెప్పండి.

సార్ క్లాసులో కూలిపోయి చనిపోయిన రోజు పాఠం పైకి చదువుతున్నది నేనే. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారట. నేను తల ఎత్తకుండా పేజీ చివరిదాకా చదివాను.

మెహర్