కుట్టు టీచరు ఇంట్లో రెండో కుర్చీ

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అత్తయ్య మోకాలు ఇంకా మొరాయిస్తోంది, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తోంది. వంతెన పని ముగిసేదాకా సెలవు దొరకదని రాశారు. సరే, వేళకి తినండి.

"గురువారం గురువారం ఎక్కడికి పోతున్నావు, జీతం లేని ఉద్యోగమా?" అని దెప్పారు కదా. అదేనండీ. మన వీధి చివరి మానసిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు నెలకోసారి వస్తాడు. ఉన్న నర్సు ఒక్కతే. అందుకని మేం కొందరం వాలంటీర్లుగా వారానికోసారి ఒక్కొక్క రోగి ఇంటికి వెళ్ళి ఓ గంట కూర్చుంటాం. మూడు రోజులు శిక్షణ కూడా ఇచ్చారు. ఎవరైనా లేనిది కనబడుతోందంటే వాదించకూడదు, వంత పాడకూడదు. నాకు కనబడట్లేదండీ అని నెమ్మదిగా చెప్పాలి.

నా వంతుకి ఒక కుట్టు టీచరు వచ్చింది. రిటైరైంది, ఒంటరిది. చిన్నప్పుడే పోయిన కూతురు రోజూ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటుందని ఆవిడ నమ్మకం. మందులు వేసుకుంటే ఆ పిల్ల మసకబారిపోతుంది. అందుకే ఆవిడకి మందులంటే కోపం.

ఏమైందలా ఉన్నావని రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నారు. ఇక దాచలేను. పోయిన నెల ఓ మధ్యాహ్నం ఆవిడ కళ్ళు చికిలించి ఆ కుర్చీవైపు చూస్తూ, "అమ్మాయ్, నాకీమధ్య సరిగ్గా ఆనడం లేదు. నువ్వు చూసి చెప్పు, ఉందా?" అంది.

ఉందన్నాను.

"ఏం వేసుకుంది?"

"పసుపు గౌను. ముందు రెండు జేబులు."

అబద్ధం ఆడుతున్నట్టే అనిపించలేదండీ. నన్ను భయపెడుతున్నది అదే. పది రోజులకి నర్సు వచ్చి గుమ్మంలోనే నన్ను కడిగేసింది. "ఏం చెప్పావమ్మా? ఇంకొకళ్ళకీ కనబడుతుంటే నాకు జబ్బేమిటని మందులు మానేసింది. తన అన్నం కూడా ఆ పిల్లకే పెట్టేస్తోంది. సొమ్మసిల్లి పడిపోతే ఆస్పత్రిలో చేర్చాం."

ఆవిడ అక్కడున్న పదహారు రోజులూ ఇంట్లో ఖాళీ కుర్చీ కనబడితే చాలు, దానిమీద ఏదో ఒక బట్ట పడేసేదాన్ని. అత్తయ్య చీవాట్లు పెట్టింది.

నిన్న ఆవిడ ఇంటికొచ్చింది. నువ్వు నిజం చెబితేనే మాత్ర మింగుతుందని నర్సు నన్ను పంపింది. వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను. "టీచరుగారూ, ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆ కుర్చీలో నాకెవరూ కనబడలేదు."

పొమ్మంటుందనుకున్నాను. మాత్ర తీసుకుని మింగేసింది.

"మా పిల్ల గౌన్లకి నేనెప్పుడూ జేబులు పెట్టలేదు. ఆ పిల్లెవరు?" అంది.

"మా పాపండీ. పోయి తొమ్మిదేళ్ళయింది."

"మీ ఆయనేమంటాడు?"

"మేమిద్దరం ఆ మాటే ఎత్తం."

"ఎత్తండమ్మా. ఎత్తకపోతే వాళ్ళే వచ్చి కూర్చుంటారు."

ఏమండీ, నాకు భయంగా ఉంది. పాప గొంతు ఎలా ఉండేదో కూడా సరిగ్గా గుర్తు రావడం లేదు. వంతెన సంగతులు తర్వాత రాద్దురు గాని, ఈసారి పాప గురించి రాయండి. రెండు ముక్కలైనా సరే.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ