పాతికలో మూడో బొమ్మ

చిలకలూరిపేట,
14-2-1964.

చిరంజీవి త్రికోటయ్యకు అన్న ఆశీస్సులు. ఇచ్చట నేను, మీ వదిన, గొడ్డూ గోదా కులాసా. మిరప కోత సగమైంది. మద్రాసులో నీవు సుఖంగా ఉన్నావని తలుస్తాను.

నా బొమ్మ చేరిందా, నచ్చిందా అని అడిగావు. చేరింది. పాతిక ప్రతులే అచ్చుతీసి, బొమ్మ చెక్కిన చెక్క దిమ్మను పగలగొట్టేశావన్న సంగతి వీధివారికి తెలియపరచడమైనది. సదరు బొమ్మలో తలపాగాకు ఒక గీత, మీసానికి ఒక గీత, ఒక చెవి తప్ప మరేమీ లేనందున, కళ్లూ ముక్కూ వెనకనుంచి వస్తాయా అని విచారణలు జరుగుతున్నవి. కింద పెన్సిలుతో వేసిన 3/25 చూసి పక్కింటి యలమందయ్య తీర్పు చెప్పాడు:

"ఒరేయ్ పిచ్చయ్యా, పాతిక్కి మూడే మార్కులంట్రా! ఫెయిలైన బొమ్మని నీకంటగట్టాడు మీ తమ్ముడు."

మీ వదిన ఊరుకోలేదు. "చాల్లే అన్నయ్యా! ఆ చెవి చూడు, అచ్చం ఆయనదే. అత్తమ్మ పోయినకాడ్నుంచీ నా చేతి ముద్ద తిన్న పిల్లోడు గీశాడు" అని గద్దించింది. వచ్చినవారికి మజ్జిగతోపాటు ఆ బొమ్మను కూడా చూపడం ఆమె నిత్యకృత్యంగా ఉన్నది.

ఇక నీ ఎరుకలో లేని విషయం. పోయిన నెల మిల్లువారి పత్తి లారీ వెంట నేను మద్రాసు వచ్చాను. నిన్ను ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా నీ ప్రదర్శనకు వచ్చి, స్తంభం పక్కన నిలబడ్డాను. నా బొమ్మ ముందు ఒక పెద్దమనిషి నిన్ను అడుగుతున్నాడు.

"ఎవరండీ ఈయన?"

"ఎవరో రైతండీ. దారిలో కనబడితే గీశాను. పేరు కూడా అడగలేదు."

మెడ కదపవద్దని కల్లంలో ఎండలో నన్ను కూర్చోబెట్టింది నీవే. అనవసరమైనవి తీసివేస్తూ పోవడమే ఈ బొమ్మల పద్ధతి గొప్పతనమని రాసిందీ నీవే. ఆ తీసివేతల్లో అన్న కూడా ఉంటాడని నాకు తెలియదు. ఎవరైనా నన్ను గుర్తుపట్టి నిన్ను అబద్ధీకుణ్ణి చేస్తారేమోనని తలపాగా విప్పి చంకన పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఇందుకు నాకు అభ్యంతరం లేదని రాయబోయి మానుకున్నాను.

మీ వదినకు ఇదేమీ చెప్పలేదు. అక్కడి పెద్దలు బొమ్మ చూసి ఏమన్నారో, మా గురించి నీవేం చెప్పావో వివరంగా రాయమని పక్కనే కూర్చుని చెబుతున్నది. ఆమెకు చదువు రాదు. నీ జవాబును నేనే బిగ్గరగా చదివి వినిపించవలసి ఉంటుంది. నా నోటితో చదవగలిగినది రాయి.

ఇట్లు,
నీ అన్న,
పిచ్చయ్య.