పన్నెండో పేజీలో లేని గంట

మార్చి 3

ముప్పై రెండేళ్ల కిందట బావ, అంటే మా అక్క భర్త, నాకు మాటిచ్చాడు. ట్రయల్ రిపోర్టులో నువ్వు రాసిన ఒక్క అక్షరం కూడా తీయనివ్వను బావమరిదీ అన్నాడు. ఆయన మా ఆఫీసు డైరెక్టరు కూడా, అక్క అక్కడే టైపిస్టు. చెయ్యి కలిపాడు. ఆ చేతిని నేను ఇప్పటికీ క్షమించలేదు. నిరుడు ఆయన పోతే చూడ్డానికి వెళ్లలేదు.

ఇవాళ సైన్యం చరిత్ర రాసే ఆఫీసు నుంచి ఒక రీసెర్చి అమ్మాయి ఫోన్ చేసింది. మేం పరీక్షించిన థర్మల్ సైట్, అదే ఒంటి వేడిని బట్టి చీకట్లో మనిషిని చూపించే అద్దం, యుద్ధంలో నిజంగా ఎంత పనికొచ్చిందో ఒక పేజీ రాసివ్వాలట. తప్పకుండా తల్లీ అన్నాను. బావ పేరు రాయడానికి ఇన్నాళ్లకు ఒకరు కాగితం ఇచ్చారు.

మార్చి 5

అమ్మినవాళ్ల బ్రోషర్‌లో అది రెండు కిలోమీటర్ల దూరాన మనిషిని పట్టేస్తుంది. అబద్ధం కాదు. తెల్లవారుజామున చలిలో అద్భుతం. కానీ ఎండకు కాలిన రాళ్లు సాయంత్రం చల్లారుతూ సరిగ్గా మనిషి ఒంటి వేడి దగ్గరకు వస్తాయి. ఆ గంటసేపు అద్దంలో మనిషీ రాయీ ఒకటే బూడిదరంగు. మా డ్రైవర్‌ని రెండు వందల మీటర్లలో అటూ ఇటూ నడిపించాం. కనపడలేదు. మా ఆవిడా ఇంతే సార్, ఎదురుగా నిలబడ్డా నేను కంటికి ఆనను అన్నాడు. అందరం నవ్వాం.

పొద్దు గూకాక గంటసేపు దీన్ని నమ్మొద్దు, కళ్లున్న మనిషిని కాపలా పెట్టండి అని రాశాను.

సరిహద్దుకు ఆ హెచ్చరిక చేరలేదు. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం ఆరున్నరకు ఆ సైట్‌నే నమ్ముకుని కాపలా కూర్చున్న సిపాయి, మా తమ్ముడు చిన్నాడు చచ్చిపోయాడు. నా మాట ఏం చేశావని బావను నిలదీస్తే తల దించుకున్నాడు. అంతకంటే రుజువేం కావాలి?

మార్చి 9

రహస్యంగా ఉంచాల్సిన గడువు దాటిందని ఫైలు బయటపెట్టారట. ఆ అమ్మాయి స్కాన్ పంపింది. పన్నెండో పేజీలో నా హెచ్చరిక పేరా లేదు. కొట్టివేత లేదు, ఖాళీ లేదు. అసలు టైపే కాలేదు. కింద నా సంతకం, నా సిరాతో. ఎడమ మూలన టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలు.

అక్కవి.

మందుసీసా మీది చీటీ కూడా వదలకుండా చదివేవాణ్ని. ఆ పేజీ చదవలేదు. అమ్మ పోయాక మమ్మల్ని పెంచిన అక్క టైపు చేసింది కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను.

మార్చి 10, ఉదయం 11

వెళ్లేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. కాగితం ముందు పెట్టాను. కళ్లజోడు కూడా వెతుక్కోలేదు.

నేనేరా వదిలేసింది అంది. నీకంటే ముందు ఒక సరుకు పనికిరాదని రాసినవాణ్ని గోడౌన్‌కి తోశారు, నువ్వా అప్పుడే పర్మనెంటయ్యావు, పేరా ఒక్కటే కదా అనుకున్నా, చిన్నాడు అక్కడికే వెళ్తాడని నాకేమన్నా కలొచ్చిందా అంది. బావకు తెలుసా అన్నాను. చిన్నాడు పోయాకే చెప్పానంది. వాడికి తమ్ముడెలాగూ పోయాడు, అక్క కూడా పోకూడదు, తిడితే నన్నే తిట్టనీ అన్నాడట.

ముప్పై ఏళ్లు తిట్టాను. ఆమె పక్కనే కూర్చుని విన్నది.

మంచినీళ్లిచ్చింది. తాగలేదు.

మార్చి 12

బావ పేరు రాసిన డ్రాఫ్టు చింపేశాను.

మార్చి 14

వేరే పేజీ పంపాను. తెల్లవారుజామున పనికొచ్చింది, సాయంత్రం ఒక గంట పనికిరాలేదు, ఆ సంగతి రాసిన అధికారి ఆ పేరా లేని పేజీ మీద చదవకుండా సంతకం పెట్టాడు అని.

మార్చి 15

మరి ఆ పేరా తీసిందెవరు సార్ అని అమ్మాయి అడిగింది. తెలియదమ్మా అన్నాను.

ఇక్కడ రాస్తాను.

అక్క.